పుట్టబోయే బిడ్డ కోసం సామాన్ల గదిని ఇప్పుడే బాగుచేయించాలా?

నల్లగొండ నివాసి: మా ఇంట్లో పడమటి గది నిండా బియ్యం బస్తాలు, పాత బీరువా, పాడైన కూలరు ఉన్నాయి. నా భార్యకు ఏడో నెల. ఆ గదిని ఖాళీ చేయించి, లప్పం పెట్టించి, రంగులు వేయించి బిడ్డ కోసం సిద్ధం చేయాలని ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా గోడకు మేకు కూడా కొట్టకూడదని మా అమ్మ అడ్డుపడుతున్నది. మీ సలహా చెప్పగలరు.

దేవరకొండ పెద్దమనిషి: అమ్మగారి మాట వినండి. తొలి కాన్పు తల్లిగారింట్లో జరుగుతుంది, బాలింత మూడో నెలకో ఐదో నెలకో తిరిగి వస్తుంది. బిడ్డ పుట్టకముందే తొట్టెల కొనిపెట్టే ఆనవాయితీ మనకు లేదు.

మిర్యాలగూడ పెయింటరు: శకునం అటుంచి, ఆ తలుపులకు రంగు ఎప్పుడు వేశారో చెప్పండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందటి ఎనామిల్ రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము తల్లికీ, కడుపులోని బిడ్డకూ ప్రమాదం.

జడ్చర్ల కోడలు: పెద్దాయన చెప్పిన ఆనవాయితీయే నా కొంప ముంచింది. నేను ఐదో నెల బిడ్డతో అత్తగారింటికి వచ్చేసరికి మాకని చెప్పిన గదిలో పల్లికాయ బస్తాలు నిట్టనిలువునా పేర్చి ఉన్నాయి. ఆ దుమ్ములోనే పడుకున్నాం, చలికాలమంతా పిల్లవాడు దగ్గుతూనే ఉన్నాడు. కాన్పు తల్లిగారింట్లో అన్న మాట చాటున అత్తగారింటివాళ్లు ఒక్క పని కూడా చేయకుండా తప్పించుకుంటారు.

నాగర్‌కర్నూల్ నర్సు: పసిబిడ్డకు వేరే గది అవసరమే లేదు. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, విడి పడకపై పడుకోబెట్టాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022లోనూ చెప్పింది.

మిర్యాలగూడ పెయింటరు: ఎవరు ఎక్కడ పడుకున్నా తలుపు రంగు మారదు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

దేవరకొండ పెద్దమనిషి: జడ్చర్ల అమ్మా, బస్తాలు తీయనిది మీ అత్తగారింటివాళ్లు. ఆ నింద ఆనవాయితీ మీద వేయకండి.

జడ్చర్ల కోడలు: ఖర్చంతా ఆడపిల్ల తండ్రి నెత్తిన, ఆనందమంతా ఇవతలివాళ్లకు! దాన్ని మీరు సమర్థిస్తున్నారా?

దేవరకొండ పెద్దమనిషి: ఆ ఖర్చు మోసినవాణ్ణి నేనే, నాకు ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయిని కాన్పైన నెలకే తీసుకెళ్లారు. గదికి రంగులున్నాయి, ఏసీ ఉంది, ఉయ్యాల ఉంది. అయినా రాత్రంతా బిడ్డతో మేల్కొన్న పిల్ల తెల్లవారకముందే లేచి అందరికీ టీ పెట్టాల్సి వచ్చింది. చిన్నమ్మాయి మా ఇంట్లో ఐదు నెలలు ఉన్నది, కడుపు నిండా తిని కంటి నిండా నిద్రపోయింది. అందుకే ఆ ఆనవాయితీని పట్టుకు వేలాడుతున్నాను. గోడలకు ఏ రంగు వేస్తే ఆ పిల్లకు నిద్ర దొరుకుతుంది?

జడ్చర్ల కోడలు: అది ముందే చెప్పి ఉంటే మనకు ఇంత వాదం ఉండేది కాదు. కానీ ఐదు నెలల తర్వాత ఆ నిద్ర ఎవరిస్తారు? నల్లగొండ తమ్ముడూ, ఈ గది గురించి మీ భార్య ఏమన్నది? రాత్రి గుడ్డలు ఎవరు మారుస్తారు, పొద్దున వంట ఎవరు చేస్తారు?

నల్లగొండ నివాసి: రంగు గురించి ఆమె ఏమీ అనలేదు. ఆ గదిలో తనకూ ఒక మంచం వేయమని, తలుపుకు లోపలి వైపు గడియ పెట్టించమని అడిగింది. కాన్పుకు తల్లిగారింటికి వెళ్తానని కూడా అన్నది. వంట గురించి మా ఇంట్లో ఇంతవరకు మాట రాలేదు, ఈ రాత్రి అమ్మ ముందే మాట్లాడతాను. ఆ తలుపులు 2009లో ఇల్లు కట్టినప్పటివి, మళ్లీ రంగు వేయించలేదు.

మిర్యాలగూడ పెయింటరు: అయితే ఆమె తల్లిగారింటికి వెళ్లిన తర్వాతే పని మొదలుపెట్టండి. తలుపులను తడిపి గీకించండి, గడియ బిగించిన తర్వాతే రంగు వేయించండి. పడమటి గోడ కాబట్టి వేసవిలో కూలరు పెట్టక తప్పదు, దానికి కిటికీ వదిలేయండి.