పచ్చి బాలింతకు టైప్ 1 షుగర్ ఉంటే పథ్యం పెట్టాలా?

పరకాల ఆడపడుచు:
పదమూడో ఏట టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) వచ్చింది. పధ్నాలుగేళ్లుగా ఇన్సులిన్ మీదే ఉన్నాను. హనుమకొండలో సిజేరియన్ అయి తొమ్మిది రోజులైంది. ఇప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో, అమ్మ దగ్గర. ఇక్కడ పగలు ఒక్క పూటే పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. రాత్రికి గ్లాసెడు పాలు, ఒక రొట్టె ముక్క. నీళ్లు గుటకలు లెక్కపెట్టి ఇస్తారు.

మొన్న రాత్రి మూడింటికి పాప పాలు తాగుతుండగా వేళ్లు వణికాయి. చెమటకు జాకెట్టు తడిసింది. మీటరులో 48. పంచదార నీళ్లు అడిగితే, చన్నీళ్లకు కుట్లు చీము పడతాయని అమ్మ పొయ్యి వెలిగించింది. అవి కాగేదాకా నేను ఆగాలి! చివరికి డబ్బాలో చెయ్యి పెట్టి పంచదార బుక్కాను. పథ్యం మానేయమని మా ఆయన, మానితే జీవితాంతం నడుము నొప్పేనని అమ్మ. మీరేమంటారు?

ఖిలా వరంగల్ అమ్మమ్మ:
నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పథ్యాన్ని తిట్టే ముందు ఒక మాట. నాట్లకు, కోతలకు పోయే కోడలిని ఇరవై ఒక్క రోజులు మంచం దిగనివ్వనిది ఆ పథ్యమే. అది లేకపోతే అయిదో రోజే చేతికి చాట వచ్చేది. నేను నలుగురిని కన్నాను, ఒక్క పూట అన్నంతోనే పాలిచ్చాను.

కాజీపేట హేతువాది:
పథ్యమంతా మూఢనమ్మకం. మీ ఆయన మాట విని ఇవాళే హనుమకొండ బస్సెక్కండి.

ప్రసూతి వార్డు నర్సు:
తొమ్మిదో రోజు కుట్లతో, పసిగుడ్డుతో బస్సెక్కమనడం ఎంత తేలికో! వాళ్లమ్మ శత్రువు కాదు.

పరకాల చెల్లీ, ముందు అసలు సంగతి. కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. అందుకే చివరి నెలల్లో డోసు పెంచుతూ పోతారు. మాయ పడిపోగానే ఆ అడ్డు తొలగుతుంది, అవసరం ఒక్కసారిగా తగ్గిపోతుంది. పైగా చనుబాలలోని తీపి మీ రక్తంలోని గ్లూకోజు నుంచే తయారవుతుంది. పాప తాగేకొద్దీ మీ షుగర్ దిగుతుంది. రాత్రి భోజనం లేదు, ఇన్సులిన్ మాత్రం ఉంది. 48 రాక ఏమవుతుంది? రాత్రి డోసు ఎంత ఉండాలో మీ డాక్టరుకు ఇవాళే ఫోను చేసి అడగండి, సొంతంగా మానేయకండి.

70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. పాపకు పాలిచ్చే ముందు మీరూ ఏదో ఒకటి తినండి.

అమ్మమ్మ గారూ, మీ మాట కాదనను. కానీ మనిషికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922లో, టొరంటోలో. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన ఆడపిల్ల కాన్పుదాకా బతకడమే అరుదు. మీ పథ్యం కట్టిన పెద్దలు ఇన్సులిన్ తీసుకునే బాలింతను చూసి ఉండరు.

ఖిలా వరంగల్ అమ్మమ్మ:
మరి బాలింతలకు చేసే కాయం ఉండ పెట్టవచ్చు కదా? అందులో బెల్లమే ఉంటుంది.

ప్రసూతి వార్డు నర్సు:
షుగర్ పడిపోయినప్పుడు వద్దు. అందులోని నెయ్యి తీపిని త్వరగా రక్తంలోకి చేరనివ్వదు. అప్పుడు ఒట్టి పంచదారే మందు.

ములుగు బావ:
మా ఇంట్లో గొడవ ఇంకోటి. ఇన్సులిన్ పాలలోకి దిగుతుందని మా అత్తమ్మ నా భార్యను పాలివ్వనివ్వక డబ్బా పాలు తెప్పించింది. ఎండాకాలం కరెంటు పోతే మందు చల్లగా ఉంచడం ఒక తంటా. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో ఇన్సులిన్ పెన్ను ఉంచుతున్నాం.

ప్రసూతి వార్డు నర్సు:
కుండ ఉపాయం మంచిదే, ఇసుక ఆరనివ్వకండి. ఇన్సులిన్ సంగతంటారా, పాలలో ఉన్న కాస్తా బిడ్డ కడుపులో మిగతా మాంసకృత్తుల లాగే అరిగిపోతుంది. నిశ్చింతగా పాలివ్వమనండి.

కాజీపేట హేతువాది:
అంటే పథ్యం తప్పని మీరూ ఒప్పుకున్నట్టే.

ప్రసూతి వార్డు నర్సు:
వెల్లుల్లి కారంతో నాకు పేచీ లేదు. ఒక్క పూట అన్నంతో, లెక్కపెట్టిన నీళ్లతోనే పేచీ.

పరకాల ఆడపడుచు:
డాక్టరు రాత్రి డోసు తగ్గించారు. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. హేతువాది గారి మాటకు మూతి తిప్పింది, మాయ సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు నా దిండు పక్కన ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు, మూత పెట్టిన స్టీలు గిన్నెలో పంచదార ఉన్నాయి. రాత్రి ఎనిమిదింటికి అన్నం పెట్టింది. మా ఆయన మాత్రం ఆదివారం కారు తెస్తానంటున్నాడు, నేనింకా ఏమీ చెప్పలేదు. కూర అడిగితే, "అది ఇరవై ఒకటో రోజు దాటాకే" అంది అమ్మ.