కయాక్ ట్రోలింగ్: ఏటి వాలునా, ఎదురుగానా?

కొత్తగాలం:
యానాం దిగువన గౌతమి పక్క కాలువల్లో కయాక్ (సన్నటి తెడ్డు పడవ) మీద ట్రోలింగ్ చేస్తున్నాను, అంటే తెడ్డేసుకుంటూ వెనకాల ల్యూర్ (ఉత్తుత్తి చేప ఎర) లాగడం, పండుగప్ప కోసం. పాటు మీద నీళ్లు సముద్రం వైపు లాగేటప్పుడు వాలున పోతే చేతులకి శ్రమ ఉండదు, చాలా దూరం తిరగొచ్చు. మా రేవులో ఒకాయన మాత్రం ఎదురు వెళ్లకపోతే చేప తగలదని ఒకటే పోరు. ఎవరి మాట వినాలండి? ఇంకో సంగతి, వరద రోజుల్లో పులసకి ఏ ల్యూర్ పనిచేస్తుంది?

లంకగట్టు:
పులసకి ల్యూరా! నీళ్లలో నలుసుల్ని వడకట్టుకుని తినే చేపండి అది. మీ ప్లాస్టిక్ చేప వైపు తల కూడా తిప్పదు. పులస కావాలంటే డబ్బులు పట్టుకుని వలల వాళ్ల దగ్గర నిలబడటమే, ఆయ్.

ట్రోలింగ్‌కి వాలే నయం. చేప ప్రవాహానికి మొహం పెట్టి ఉంటుంది, మేత పైనుంచి కొట్టుకొస్తుంది. మన ల్యూర్ కూడా అటునుంచే రావాలి. ఎదురు లాగితే తోక వెనకనుంచి వచ్చి బెదరగొడుతుంది.

రేవుపక్కోడు:
చేప మొహం సంగతి నిజమే లంకగట్టు గారూ. కానీ పండుగప్ప నడి ప్రవాహంలో ఈదుతూ కూర్చోదు కదా. కాలువ మొగలో నీళ్లు సుడి తిరిగి నెమ్మదించే మూలల్లో, మడ చెట్ల వేళ్ల పక్కన కాపు కాస్తుంది. పాటుకి చిన్న కాలువల్లోంచి రొయ్యలూ పరిగెలూ బయటికి జారుతుంటే అక్కడే పట్టేస్తుంది. కాబట్టి ల్యూర్ ఆ మొగ ముందు ఎంతసేపు ఆడిందన్నదే లెక్క.

వేగం దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. చిన్న ల్యూర్లు బాగా ఆడాలంటే గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగం ఉండాలి, కయాక్‌కి అది తేలికే. అయితే ఫోన్‌లో జీపీఎస్ చూపించేది గట్టుతో పోల్చిన వేగం. ల్యూర్‌కి గట్టుతో పనేముంది? దాని ఒంటిని రాసుకుపోయే నీళ్లతోనే పని. పాటు గంటకు 3 కిలోమీటర్లు లాగుతోందనుకోండి. వాలున పోతూ ఫోన్‌లో 4 చూసి మురిసిపోతే నీళ్లలో మీ వేగం 1. వెనకాల ల్యూర్ ఎండుపుల్లలా వస్తుంటుంది. తిరగబడి ఎదురు తెడ్డేయండి, ఫోన్ 1 చూపించినా నీళ్లలో 4 ఉంటుంది. ల్యూర్ ఆడుతూనే ఉంటుంది, మీరేమో ఆ మొగ దాటి పోకుండా ఉంటారు.

అసలు కారణం వేరే ఉంది. వాలున పోతూ గాలం మడ వేరుకి తగులుకుందంటే, ప్రవాహం మిమ్మల్ని కిందికి తోస్తుంటే దారం వెనక్కి లాగుతుంది. పడవ అడ్డం తిరిగిందో, బోల్తాయే. ఎదురు వెళ్తున్నప్పుడు తగులుకుంటే తెడ్డు ఆపితే చాలు, నీళ్లే మిమ్మల్ని ల్యూర్ దగ్గరికి చేరుస్తాయి. దాన్ని దాటి కిందికి జారి, కింది వైపు నుంచి లాగితే చాలాసార్లు ఊడొస్తుంది.

మడకాలువ:
ఇదంతా పెద్ద పాయల మాట. సన్న కాలువలో ఎటు లాగినా ముందు చేప నెత్తి మీదనుంచి కయాక్ పోతుంది, ఆ తర్వాత ల్యూర్ వస్తుంది. అప్పటికే చేప వేళ్లలో దూరిపోయి ఉంటుంది. హాయిగా గట్టు వార పడవ ఆపుకుని, వేళ్ల సందుకి గురి చూసి క్యాస్టింగ్ (ల్యూర్ విసరడం) చేసుకోక ఎందుకీ భుజాల నొప్పి?

రేవుపక్కోడు:
చేప ఎక్కడుందో తెలిస్తే క్యాస్టింగే, దానికి తిరుగులేదు. తెలియనప్పుడు వెతకడానికి ట్రోలింగ్. ఒకచోట దెబ్బ తగిలిందా, ఇక రాడ్ చేతిలోకి తీసుకుని అక్కడే విసరడం. నేను చేసేది ఈ రెండూ కలిపే.

రాడ్ మాత్రం వెనక కాదు, కొస కనబడేలా మోకాళ్ల ముందు పెట్టుకోండి. ల్యూర్ ఆడుతున్నంతసేపు కొస సన్నగా వణుకుతుంది. వణుకు ఆగి కొస కాస్త వంగి ఉండిపోయిందంటే గాలానికి గుర్రపుడెక్క వేరో నాచో పట్టింది, ఇక ఎంత దూరం లాగినా దండగే. కొస టకటకా కొట్టుకుంటే ల్యూర్ మూతి, అంటే దాన్ని కిందికి ముంచే ముందు పలక, బురదను గీస్తోందని అర్థం. పాటుకి లోతు తగ్గే కాలువల్లో పెద్ద మూతి ల్యూర్లు పెడితే అదే గతి. చిన్న మూతిది, తేలేది పెట్టండి. తెడ్డు ఆపగానే అదే పైకి లేచి వదిలించుకుంటుంది.

వలింటోడు:
మీ లెక్కలు బాగున్నాయి గానీ, మీరంతా చెప్పే ఆ మొగల్లోనే మావాళ్లు పాటుకి కొయ్యలు పాతి వలలు కట్టుకుంటారు. మూడు కొక్కేల గాలం వలలో పడితే దాన్ని విడదీయడం కుదరదు, కోయాల్సిందే. మొన్న ఒకాయన దారం తెంపుకుని చక్కా పోయాడు. వల మోస్తుంటే ఆ గాలం మా తమ్ముడి అరచేతిలో దిగింది. మూడు కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం పెట్టుకోండి. కొయ్యలు కనబడితే దూరంగా తిరగండి.

మడకాలువ:
ఒంటి కొక్కెం అయితే చేపను వదిలేయడమూ తేలిక. పండుగప్ప మొదట మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. బాగా పెద్దది తగిలిందంటే దాదాపు గుడ్ల తల్లే. ఫొటో తీసుకుని వదిలేస్తే పోయేదేముంది? కోరింగ అభయారణ్యం హద్దుల్లో మాత్రం అనుమతి లేకుండా గాలం వెయ్యకండి.

కొత్తగాలం:
ఎంత దారం వదలాలి? వరదలో కూడా ఇదేనా?

రేవుపక్కోడు:
కాలువలో 15, 20 మీటర్లు చాలు. అంతకన్నా వదిలితే మలుపు తిరిగినప్పుడు దారం అడ్డదారిన పోయి ల్యూర్‌ని వేళ్లలోకి ఈడుస్తుంది. సన్న దారమైతే ల్యూర్ ఇంకా లోతుకి దిగుతుంది, అదీ చూసుకోండి. ధవళేశ్వరం గేట్లెత్తి ఎర్రనీరు వదిలాక ఈ పని దండగ, ఆ నీళ్లలో ల్యూర్ చేపకి కనబడదు. నీళ్లు తేరాక మొదలెట్టండి. డ్రాగ్ (రీలు దారాన్ని బిగబట్టే బ్రేకు) కాస్త వదులుగా ఉంచి, రాడ్‌ని పడవకి తాడుతో కట్టుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా మొగ దరిదాపుల్లోకి వెళ్లొద్దు.

లంకగట్టు:
తగులుకునే సంగతి ఒప్పుకుంటాను. వెడల్పు పాయలో మాత్రం నాకు వాలే. మీ లెక్క ప్రకారమే ఫోన్‌లో 6 దాటేలా తెడ్డేస్తే నీళ్లలో 3 వచ్చేస్తుంది కదా?

వలింటోడు:
వస్తుంది. ఆ ఊపులో ఎదురుగా మా వల కొయ్య కనబడితే ఎక్కడ ఆపుతారండి?