బ్రేవ్ అండ్ ది బోల్డ్ పాత సంచికలు: బ్యాట్‌మ్యాన్ లేనివి కూడా ఇదే పుస్తకమా?

కావలి కుర్రోడు:
అన్నలూ, పండక్కి ఇంటికొచ్చి అటక సర్దుతుంటే నాన్న ట్రంకుపెట్టెలో పాత కామిక్స్ కట్ట దొరికింది. కాలేజీ రోజుల్లో మద్రాసు పోయినప్పుడల్లా మూర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండువి ఏరుకొచ్చేవాడంట, 1985లో అది కాలిపోయేదాకా. అందులో 'ది బ్రేవ్ అండ్ ది బోల్డ్' అనే అమెరికా కామిక్ పుస్తకం సంచికలు తొమ్మిది ఉన్నాయి. నేను అదే పేరుతో వచ్చిన కార్టూన్ చూసి పెరిగినవాణ్ని, బ్యాట్‌మ్యాన్ పక్కన వారానికో హీరో వచ్చే కథలనే తెలుసు. కానీ 47వ నెంబర్లో అసలు సూపర్‌హీరోనే లేడు, అన్నీ ఆటల మీద వింత కథలు. 72లో ఫ్లాష్, స్పెక్టర్ ఉన్నారు, బ్యాట్‌మ్యాన్ లేడు. 85, 200, మిగతా వాటన్నిట్లో ఉన్నాడు. ఒకే పేరుతో వేర్వేరు పుస్తకాలు వచ్చాయా? 201 కోసం ఎంత వెతికినా కనపడలేదు.

పెన్నా గట్టు:
అన్నీ ఒకే పుస్తకం తమ్ముడూ, నీ కట్టలో ఏదీ తప్పుగా చేరలేదు. డీసీ అనే కామిక్స్ కంపెనీ వాళ్లు 1955లో మొదలుపెట్టినప్పుడు ఇందులో సూపర్‌హీరోలే లేరు, కత్తులూ కవచాలూ ఉండే పాతకాలపు వీరుల కథలు వేసేవాళ్లు, వైకింగ్ ప్రిన్స్, సైలెంట్ నైట్ లాంటివి. పేరులో ఆ వాసన ఇంకా ఉంది చూడు. 1959లో 25వ సంచిక నుంచి దాన్ని ప్రయోగాలకు వాడుకున్నారు, అంటే కొత్త పాత్రను రెండు మూడు సంచికలు వేసి చూసి, జనం కొంటే దానికి సొంత పుస్తకం పెట్టడం. జస్టిస్ లీగ్ అనే సూపర్‌హీరోల జట్టు మొట్టమొదట కనపడింది ఇందులోనే, 28వ సంచిక, 1960 ఫిబ్రవరి-మార్చి, ఆ ఏడాదే దానికి సొంత పుస్తకం వచ్చేసింది. నీ దగ్గరున్న 47 ఆ రకమే. 45 నుంచి 49 దాకా ఆటల కథలు వేసి చూశారు.

ఇద్దరు హీరోలను కలపడం 50తో మొదలైంది, 1963 చివర్లో, గ్రీన్ ఆరో, మార్షియన్ మ్యాన్‌హంటర్. మన మల్టీస్టారర్ లెక్కే, ఇద్దరి అభిమానులూ కొంటారని. అప్పటికి బ్యాట్‌మ్యాన్ శాశ్వతం కాదు, ఇలా జోడీగా మొదటిసారి వచ్చింది 59లో గ్రీన్ లాంటర్న్‌తో. 1966 జనవరిలో అమెరికాలో బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ మొదలై ఊపేసింది, ఆ ఏడాదే 67వ సంచిక నుంచి పుస్తకం ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత ఆయన లేనివి రెండే రెండు, 72, 73. కాబట్టి నీ 72 చివరిదాకా కొనసాగిన ఆ వరసలో ఒక ఖాళీ అన్నమాట, జాగ్రత్తగా పెట్టుకో.

201 రాలేదు, వెతకొద్దు. 1983 జులైతో 200 దగ్గర ఆపేశారు. ఆ 200లోనే మధ్యలో అవుట్‌సైడర్స్ అనే జట్టు కథ చిన్నది ఉంటుంది, వచ్చే నెల మొదలైన 'బ్యాట్‌మ్యాన్ అండ్ ది అవుట్‌సైడర్స్' కోసం ఇచ్చిన రుచి అది. (చెప్పినవన్నీ అట్ట మీది తేదీలు, అంగళ్లలోకి అంతకంటే ముందే వచ్చేవి.)

ఒంగోలు గిత్త:
అన్న చెప్పింది కరెక్టే కానీ మొత్తం టీవీ సీరియల్ మీదికి తోస్తే ఒప్పుకోను. సీరియల్ 1968లో ఆగిపోయింది, పుస్తకం ఇంకో పదిహేనేళ్లు నడిచింది, అది నడిపింది బాబ్ హేనీ కథలు, 98 నుంచి జిమ్ అపారో బొమ్మలు. అపారో పెన్సిలు, ఇంకు, అక్షరాలు మూడూ తనే చేసేవాడు, అందుకే ఆ పేజీల్లో మాటల బుడగ కూడా బొమ్మలో భాగంలా కుదురుతుంది. హేనీకి కథ బాగుంటే చాలు, వేరే పుస్తకాల్లో ఏం జరిగిందో పట్టించుకునేవాడు కాదు. 84లో బ్యాట్‌మ్యాన్‌ను రెండో ప్రపంచ యుద్ధంలోకి తీసుకుపోయి యుద్ధ కథల సైనికుడు సార్జెంట్ రాక్‌తో కలిపాడు, మరి ఆ సంచిక వచ్చిన 1969లో బ్యాట్‌మ్యాన్ వయసెంతుండాలి? ఇది తప్పని కొట్టిపారేసే వాళ్లున్నారు, నాకైతే చిన్నపిల్లలకు కథ చెప్పే పెద్దమనిషి ధైర్యం కనపడుతుంది. టీన్ టైటన్స్ అనే కుర్ర హీరోల జట్టు మొదలైందీ హేనీ చేతుల్లోనే, 54లో రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్ కలిస్తే 60లో వండర్ గర్ల్ చేరి ఆ పేరు వచ్చింది.

నీ 85 తెరిచి చూశావా? గ్రీన్ ఆరోకి గడ్డం, కొత్త డ్రెస్సు వచ్చింది అందులోనే, నీల్ ఆడమ్స్ గీశాడు. ఇప్పటికీ అందరికీ తెలిసిన గ్రీన్ ఆరో అదే. ఒక మాట, కావలిలో సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పడతాయి, ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది. అటక మీద మాత్రం మళ్లీ పెట్టొద్దు.

కావలి కుర్రోడు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. 200లో మధ్య పేజీలు తిప్పా, అవుట్‌సైడర్స్ ఉన్నారు, నేను ప్రకటన అనుకుని వదిలేశాను. 85 అట్ట కొంచెం చిరిగింది కానీ లోపల గడ్డం గ్రీన్ ఆరో బాగానే ఉన్నాడు. నాన్నకు ఫోన్లో 84 గురించి చెప్తే, ట్యాంకులు ఉండేదేనా అని అడిగాడు. ఆయన కొన్నాడంట, హాస్టల్లో ఎవరో చదవడానికి తీసుకుని తిరిగివ్వలేదంట, నలభై ఏళ్లైనా అట్ట గుర్తుంది. ఎవరి దగ్గరైనా 84 అమ్మకానికి ఉంటే చెప్పండి, అట్ట లేకపోయినా ఫర్వాలేదు, చదివేలా ఉంటే చాలు.