పెద్ద బ్యాంకులో చేరబోతున్నాను, లోపల పని ఎలా ఉంటుందో చెప్పండి

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. వచ్చే నెల ఒక పెద్ద బ్యాంకులో పేమెంట్స్ టెక్నాలజీ టీమ్‌లో చేరుతున్నాను. ఇంతకు ముందు నాలుగేళ్లు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశాను. అక్కడ పొద్దున రాసిన కోడ్ సాయంత్రానికి కస్టమర్లు వాడేవాళ్లు. బ్యాంకులో అలా కుదరదని, ప్రతి దానికీ ఎవరో ఒకరి అనుమతి కావాలని అంటున్నారు. వీసా కూడా ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది, అందుకే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పగలరా?

* * *

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. 17 ఏళ్లుగా నేను బ్యాంకుల్లోనే ఉన్నాను, అందులో ఎక్కువ భాగం పేమెంట్స్‌లోనే.

మొదటి నెల నీ చేతిలో పెద్దగా పని ఉండదు. దానికి కంగారు పడకు. లాప్‌టాప్ వస్తుంది కానీ యాక్సెస్‌లు రావు. ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో రిక్వెస్ట్ పెట్టాలి, దాన్ని మేనేజరూ ఆ సిస్టమ్ ఓనరూ ఇద్దరూ ఆమోదించాలి. ఈలోగా మనీ లాండరింగ్ మీద, సమాచార భద్రత మీద, బహుమతుల మీద ట్రైనింగులు వస్తాయి. గడువు తేదీలోపు పూర్తి చెయ్. గడువు దాటితే పేరు రిపోర్టులో పైకి వెళ్తుంది, కొన్ని బ్యాంకుల్లో బోనస్ మీద కూడా ప్రభావం పడుతుంది.

తర్వాత నువ్వు రాసే రెండు లైన్ల మార్పుకి ఒక టికెట్, టెస్ట్ చేసిన ఆధారాలు, తేడా వస్తే వెనక్కి తీసుకునే ప్లాన్, మీటింగ్‌లో ఆమోదం కావాలి. రాసినవాడు తన కోడ్‌ని తానే ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, పెట్టడానికి ఉండదు. ఏడాది చివర ఫ్రీజ్ ఉంటుంది, అప్పుడు అత్యవసరమైతే తప్ప ఏ మార్పూ వెళ్లదు. లోపలి సిస్టమ్‌లలో కొన్ని నీ వయసు కంటే పాతవి, కోబోల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినవి. వాటిని చిన్నచూపు చూడకు. రాత్రి బ్యాచ్‌లో, అంటే పోగైన పనులన్నీ ఒకేసారి నడిపేటప్పుడు, లక్షల ఖాతాల లెక్క పైసా తేడా లేకుండా తేల్చేది అవే. ఏ ఫైల్ ఎక్కడి నుంచి వస్తుందో, ఎన్ని గంటలకు కటాఫో (ఆ రోజు ఫైల్ పంపే గడువో) తెలిసిన పాతవాళ్లు టీమ్‌లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో. ఆ విషయాలు చాలావరకు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు.

ఈ నియమాలన్నీ నీ మీద నమ్మకం లేక పెట్టినవి కావు. 1995లో బ్రిటన్‌కి చెందిన బేరింగ్స్ బ్యాంకు కూలిపోయింది. రెండు వందల ఏళ్లు దాటిన బ్యాంకు అది. సింగపూర్ ఆఫీసులో నిక్ లీసన్ ట్రేడింగూ చేశాడు, ఆ ట్రేడ్‌ల సెటిల్‌మెంట్ లెక్కలూ తనే చూశాడు. దాంతో నష్టాలను ఒక ఖాతాలో దాచగలిగాడు, అవి 82.7 కోట్ల పౌండ్లకు చేరాయి. చేసేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు ఉండాలన్న పట్టుదల అలాంటి దెబ్బలు తిని నేర్చుకున్నదే.

అలాగని ఇద్దరు ముగ్గురు చూస్తే చాలని కూడా అనుకోకు. 2020 ఆగస్టులో సిటీబ్యాంక్ రెవ్లాన్ కంపెనీ అప్పు మీద, ఆ అప్పిచ్చినవాళ్లకు, దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. పంపింది దాదాపు 90 కోట్ల డాలర్లు. అప్పు తాలూకు అసలు బయటికి పోకుండా బ్యాంకు లోపలి ఖాతాకే మళ్లాలంటే స్క్రీన్ మీద మూడు చోట్ల టిక్ పెట్టాలి, ఒక్కచోటే పెట్టారు. ఎంట్రీ చేసినవాళ్లు, చెక్ చేసినవాళ్లు, చివర ఆమోదించినవాళ్లు, ముగ్గురూ అదే సరైనదనుకున్నారు. అప్పిచ్చినవాళ్లలో కొందరు తిరిగి ఇవ్వకపోవడంతో కోర్టుకెక్కారు, 2022లో పైకోర్టు తీర్పు వచ్చేదాకా బ్యాంకుకి ఊరట దొరకలేదు. నువ్వు చేరేది పేమెంట్స్ కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. రేపు చెకర్ (చెక్ చేసేవాడి) సీటులో నిన్ను కూర్చోబెడితే మేకర్ (ఎంట్రీ చేసినవాడి) మీద నమ్మకంతో నొక్కకు. స్క్రీన్ మీద ఉన్న అంకెని, అది వెళ్లే ఖాతాని నువ్వుగా చదువు.

ఇక నాకు జరిగింది చెబుతాను. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండో ఏడు. మధ్యలో ఆగిపోయిన ఒక బ్యాచ్‌ని మళ్లీ నడిపాను. సగం రికార్డులు అప్పటికే వెళ్లిపోయాయని చూసుకోలేదు, అవి రెండోసారి ఫైల్‌లో చేరాయి. ఐదు నిమిషాల్లో తెలిసింది. కానీ ఎవరికీ చెప్పకుండా నేనే సరిచేద్దామని కూర్చున్నాను. నలభై నిమిషాలు గడిచాయి, ఈలోగా కటాఫ్ దాటి ఫైల్ క్లియరింగ్‌కి, అంటే బ్యాంకుల మధ్య లెక్క తేల్చే చోటికి, వెళ్లిపోయింది. ఆ రాత్రంతా పదిమంది కూర్చుని డబుల్ పేమెంట్లను వెనక్కి రప్పించారు. మర్నాడు మా మేనేజర్ తప్పు ఎందుకు జరిగిందని అడగలేదు, దానికి ప్రాసెస్‌లోనే లోపం ఉందన్నారు. ఆ నలభై నిమిషాలు ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది రేటింగ్ తగ్గింది, తగ్గాల్సిందే.

వీసా మీద ఉన్నవాళ్లం ఇక్కడే దెబ్బ తింటాం. తప్పు బయటపడితే ఉద్యోగం పోతుందేమో, ఉద్యోగం పోతే దేశమే వదలాల్సి వస్తుందేమో అని నోరు నొక్కుకుంటాం. నా కళ్ల ముందు వెంటనే చెప్పినవాళ్లలో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. దాచి దొరికిపోయినవాళ్లవి మాత్రం పోయాయి. అనుమానం రాగానే ఫోన్ తియ్, తర్వాత రెండు లైన్ల మెయిల్ పెట్టు. ‘ఇది జరిగింది, ఇంతవరకే తెలుసు, ఫైల్ ఆపమంటారా’ అంటే చాలు.

హోదాల గురించి ఒక మాట. వైస్ ప్రెసిడెంట్ అని చూసి బెదిరిపోకు. చాలా పెద్ద బ్యాంకుల్లో ఏడెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఇచ్చే మధ్యస్థాయి హోదా అది. అసలు నిర్ణయాలు డైరెక్టర్, ఎండీ స్థాయిలో జరుగుతాయి. ఉద్యోగాల కోత కూడా అక్కడే నిర్ణయమవుతుంది, నీ పనితనంతో సంబంధం లేకుండా ఒక్కోసారి టీమ్ మొత్తం పోతుంది. చెప్పిన రోజే యాక్సెస్ తీసేస్తారు. అందుకని కొన్ని నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకో. ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఎన్ని రోజులు ఇస్తారో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే తెలుసుకో.

* * *

పై అన్నయ్య టెక్నాలజీ వైపు చెప్పారు, నేను కంప్లయెన్స్‌లో (బ్యాంకు నియమాలు పాటిస్తోందో లేదో చూసే విభాగంలో) ఉన్నాను కాబట్టి నా వైపు నుంచి కొంచెం.

తమ్ముడూ, ఆఫీసు పని విషయాలు వాట్సాప్‌లో మాట్లాడకు. మన టీమ్‌లో మనవాళ్లు నలుగురుంటే గ్రూపు పెట్టేస్తారు, అందులోకి పని కూడా వచ్చేస్తుంది. వ్యాపార సంభాషణల రికార్డు ఉంచడం బ్యాంకుకి చట్టబద్ధమైన బాధ్యత. అమెరికాలో దీని మీద 2021 డిసెంబరులో ఒక్క జేపీ మోర్గాన్‌కే 20 కోట్ల డాలర్ల జరిమానా పడింది, మరుసటి ఏడాది ఇంకా చాలా సంస్థలకు కలిపి 180 కోట్ల డాలర్లు. ఇంటి దగ్గర పూర్తి చేద్దామని ఫైల్‌ని సొంత జీమెయిల్‌కి పంపుకోవడం కూడా అంతే. నువ్వు మంచి మనసుతోనే పంపినా సిస్టమ్ దాన్ని డేటా బయటికి పోయినట్టే చూస్తుంది.

షేర్లు ఉన్నాయా? ఉంటే చేరిన మొదటి రోజుల్లోనే అడుగుతారు, దాచకుండా రాయి. నీ పాత్రను బట్టి కొనే ముందు, అమ్మే ముందు అనుమతి తీసుకోవాల్సి రావచ్చు. చాలా చోట్ల భార్య లేదా భర్త పేరున ఉన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

సెలవు గురించి మనవాళ్లకు ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సెలవు పెట్టకుండా పనిచేస్తే మంచి పేరొస్తుందనుకుంటారు. బ్యాంకులో అది అనుమానానికి దారి తీస్తుంది. సొసియెటె జెనెరాల్ అనే ఫ్రెంచ్ బ్యాంకులో జెరోమ్ కెర్వియెల్ అనే ట్రేడర్ చేసిన ట్రేడ్‌ల వల్ల 2008 జనవరిలో 490 కోట్ల యూరోల నష్టం బయటపడింది. అంతకు ముందు ఏడాది అతను సెలవులు దాదాపు తీసుకోనే లేదు. సున్నితమైన పనుల్లో ఉన్నవాళ్లు ఏడాదికోసారి వరసగా రెండు వారాలు వెళ్లాలని చాలా బ్యాంకులు పట్టుబట్టేది అందుకే. నీ సీటులో ఇంకొకరు కూర్చున్నప్పుడు ఏం బయటపడుతుందో చూడడానికి. ఆ రెండు వారాలు లాప్‌టాప్ తెరవకు, హాయిగా గడుపు.

* * *

అన్నయ్యకీ అక్కకీ చాలా థాంక్స్. ఇంకో సందేహం. మా బాబాయి వాళ్లు ఇక్కడే ఉంటారు, ఇదే బ్యాంకులో ఇంటి లోన్‌కి అప్లై చేశారు. నేను చేరగానే లోన్ ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పమంటున్నారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి నెల రోజులు ఇంట్లో పెట్టుకున్నారు, కాదనడం కష్టంగా ఉంది. చూడడం వరకు ఫరవాలేదా?

* * *

వద్దు తమ్ముడూ, చూడడం కూడా వద్దు. ఎవరు ఏ కస్టమర్ రికార్డు తెరిచారో ప్రతిదీ లాగ్‌లో పడుతుంది. ఇంటిపేరు, చిరునామా కలిసే రికార్డులు తెరిస్తే దానంతటదే అలర్ట్ వచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. నీ సొంత ఖాతాని ఆఫీసు సిస్టమ్‌లో చూసుకోవడం కూడా తప్పే. బాబాయి అడిగారు, ఆయన అనుమతి ఉంది కదా అంటే చెల్లదు, పని అవసరం ఉంటేనే తెరవాలి. ఇలా బంధువుల కోసం చూసి ఉద్యోగం పోగొట్టుకున్న మంచి పిల్లల్ని నేను చూశాను, చాలా బాధేసింది. ఇంకో సంగతి, ఏదైనా ఖాతా మీద అనుమానంతో రిపోర్టు వెళ్లి ఉంటే ఆ విషయం కస్టమర్‌కి తెలియజేయడం చాలా దేశాల్లో నేరం. ఏమీ తెలియకుండా నువ్వు చెప్పే ‘ఇంకా రివ్యూలో ఉంది బాబాయ్’ అన్న మాట కూడా దాని కిందికి రావచ్చు.

బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పు. ‘నేను ఆ స్క్రీన్ తెరిస్తే నా ఉద్యోగం, వీసా రెండూ పోతాయి బాబాయ్’ అను. అప్లికేషన్ నంబరుతో ఆయన్నే లోన్ ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యమను, నువ్వు పక్కన కూర్చుని ఏం అడగాలో రాసిపెట్టు. అది ఎవరూ కాదనరు. చేరాక ఆ లోన్‌కి సంబంధించిన పని ఏదైనా నీ దగ్గరికి వస్తే, కస్టమర్ మా బంధువని వెంటనే మేనేజర్‌కి చెప్పి ఇంకొకరికి అప్పగించు. బాబాయితో ఈ మాట మెసేజ్‌లో మాత్రం వద్దు, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు. నెల రోజులు ఇంట్లో పెట్టుకున్న మనిషి, అర్థం చేసుకుంటారు.