గెర్న్సీలో మంత్రులు లేకుండా పాలన ఎట్లా నడుస్తుంది?

ప్రశ్న (హన్మకొండ):
మా చెల్లె నర్సు ఉద్యోగం మీద ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంలో ఉన్న గెర్న్సీ దీవికి పోయింది. అక్కడ మంత్రులే లేరట, అన్నీ కమిటీలేనట! మరి ఆసుపత్రి సంగతి ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (పరకాల):
తమ్మీ, నేను జిల్లా పరిషత్‌లో పనిచేసి రిటైరయ్యాను. స్థాయీ సంఘాల మీటింగులకు మినిట్స్ రాసేవాణ్ణి కాబట్టి ఈ విషయం నాకు చాలా ఇష్టం. గెర్న్సీలో కమిటీలే ప్రభుత్వం. అక్కడి చట్టసభలో 38 మంది డిప్యూటీలు (అంటే ప్రజలు ఎన్నుకున్న సభ్యులు), దగ్గర్లోని ఆల్డర్నీ దీవి నుంచి మరో ఇద్దరు. 2020 నుంచి దీవంతా ఒకే నియోజకవర్గం, ఒక్క ఓటరు 38 మందికి దాకా ఓటేయొచ్చు! ఆరోగ్యం, విద్య లాంటి ఒక్కో ప్రధాన కమిటీకి అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వాళ్లను సభే ఎన్నుకుంటుంది. నిర్ణయం ఐదుగురిదీ, అధ్యక్షుడి ఒక్కడిది కాదు. బడ్జెట్, సమన్వయం పాలసీ అండ్ రిసోర్సెస్ కమిటీ చూస్తుంది.

జవాబు (కరీంనగర్):
మరి పనులు లేటు కావా సార్?

జవాబు (పరకాల):
అవుతాయి. పక్కనున్న జెర్సీ దీవి 2005లో కమిటీలు వదిలి మంత్రుల పద్ధతికి మారింది. నాకైతే గెర్న్సీ తీరే నచ్చుతుంది, నలుగురూ కూర్చొని మాట్లాడుకోక తప్పదు. తమ్మీ, ఆసుపత్రి సంగతైతే చెల్లెను హెల్త్ అండ్ సోషల్ కేర్ కమిటీకి రాయమను.