ఆక్స్‌ఫర్డ్‌లో పిన్ని వాళ్లింటికి అమ్మతో ప్రయాణం: సలహా కావాలి

అందరికీ నమస్కారం. మే నెలాఖరులో ఇంగ్లండ్ ప్రయాణంలో భాగంగా, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను వెంటబెట్టుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిన పిన్ని వాళ్లింటికి వెళ్తున్నాను. అక్కచెల్లెళ్లు కలుసుకుని చాలా ఏళ్లయింది కాబట్టి, ఊరు చూడటం కన్నా వాళ్లిద్దరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడమే నాకు ముఖ్యం.

అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన అమ్మకు ఒక కోరిక ఉంది. అక్కడ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ తరువాత 1936 నుంచి 1952 వరకు ఆచార్యులుగా ఉన్న ఆక్స్‌ఫర్డ్‌ను, ముఖ్యంగా ఆయన సభ్యులుగా ఉన్న ఆల్ సోల్స్ కళాశాలను, కళ్లారా చూడాలని ఆమె ఆశ. ఆ కళాశాల పక్కనే, రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గుండ్రటి గ్రంథాలయ భవనం చుట్టూ నేలంతా ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉంటాయి. చేతికర్రతో నడిచేవారు అక్కడ ఎలా నెట్టుకొస్తారు? చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుందా, కాసేపు కూర్చోవడానికి దగ్గరలో బల్లలుంటాయా?

కళాశాలలు ఊరంతటా విడివిడిగా ఉండి, దేని సందర్శన వేళలు దానివే కావడమే కాక, అది పరీక్షల కాలం కూడా. ఆ రోజుల్లో సందర్శకులను ఏ పూట లోపలికి రానిస్తారో స్వయంగా వెళ్లినవారు చెప్పగలరా?

ఇంకొక్క మాట. హీత్రో విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్లే బస్సు మంచిదా, లేక లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కు వెళ్లి రైలెక్కాలా? సామానులో ఆవకాయ జాడీలు కూడా ఉంటాయి.