సెక్యూర్ బూట్ ఆపకుండా ఉబుంటులో ఎన్‌విడియా డ్రైవర్‌ను పనిచేయించడం ఎలా?

నమస్కారం. ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్‌విడియా కార్డు కూడా ఉన్న నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేసుకొని, త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండరింగ్ కోసం కార్డు డ్రైవర్‌ను డీకేఎంఎస్ ప్యాకేజీగా (అంటే డ్రైవర్ మాడ్యూల్‌ను మన యంత్రంలోనే కెర్నెల్‌కు తగ్గట్టు తయారుచేసే పద్ధతిలో) ఇన్‌స్టాల్ చేశాను. రీస్టార్ట్ చేయగానే నీలిరంగు తెర వచ్చి మోక్ కీ (మెషీన్ ఓనర్ కీ, అంటే యంత్ర యజమాని నమ్మకంగా నమోదు చేసే సంతకపు కీ) నమోదు చేయమంటే, అదేమిటో తెలియక ‘కంటిన్యూ బూట్’ ఎంచుకున్నాను. అప్పటి నుంచి ‘ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ’ ఆదేశం డ్రైవర్‌తో సంబంధం కుదరలేదంటోంది. ‘మోడ్‌ప్రోబ్’ ఆదేశంతో మాడ్యూల్‌ను (కెర్నెల్‌లోకి చేరే డ్రైవర్ భాగాన్ని) లోడ్ చేయబోతే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తోంది.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు, నమోదు కాని కీతో సంతకం చేసిన మాడ్యూల్‌ను కెర్నెల్ (ఉబుంటు మూలభాగం) అంగీకరించదని చదివాక కారణం కొంత బోధపడింది. సెక్యూర్ బూట్ తీసేయమని స్నేహితులు అంటున్నారు గానీ, ఇదే యంత్రంలో బిట్‌లాకర్‌తో (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యంతో) విండోస్ కూడా ఉన్నందున, రికవరీ కీ అడుగుతుందేమోనన్న భయంతో నాకు అది సమ్మతంగా లేదు.

‘మోక్‌యుటిల్’ ఆదేశంతో కీని మళ్ళీ ఇంపోర్ట్ చేసి, ఈసారి ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుంటే సరిపోతుందా, లేక డ్రైవర్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా? డీకేఎంఎస్ ప్యాకేజీని తొలగించి, ఉబుంటు ముందే సంతకం చేసి ఇచ్చే మాడ్యూళ్ళను వాడటం మేలా? ముఖ్యంగా, కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ నమోదు మళ్ళీ చేయవలసి ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.